అందరం మ్యూట్‌లో పాడిన బతుకమ్మ

మా అవ్వకు డిమెన్షియా. ఊరు ఖిల్లా ఘణపూర్, వనపర్తి జిల్లా. గుట్ట మీద ఖిల్లా, కింద గణపసముద్రం చెరువు, ఊళ్ళో మా పాత ఇల్లు. అవ్వను చూసుకునేది మా చిన్నమ్మ ఒక్కతే. చిన్నాయన పొద్దున పొలం పోతే చీకటి పడ్డాకే వస్తాడు. మిగతా అందరం తలో దిక్కు: నేను హాస్టల్లో, అమ్మానాన్న హైదరాబాద్‌లో, మేనత్త డాలస్‌లో. మొన్నటి బతుకమ్మ పండగకు ఎవరమూ ఊరికి పోలేకపోయాం. వీడియో కాల్ పెట్టుకుని అందరం అవ్వతో కలిసి పాడదామనుకున్నాం. మొదటిసారి ఘోరంగా ఫెయిలయ్యాం.

ఎందుకు ఫెయిలయ్యామో అర్థం చేసుకోవడానికి మన సెకండియర్ సిగ్నల్స్ సబ్జెక్టు కొంత, గూగుల్ కొంత, చిన్నమ్మ మాటలు చాలా పనికొచ్చాయి. క్లబ్ మీటింగ్‌లో ఈ సంగతి చెప్తే "మా ఇంట్లో తాతకూ ఇంతే" అని ముగ్గురు అన్నారు. అందుకే రాస్తున్నా.

ఆ సాయంత్రం

ఆదివారం సాయంత్రం ఏడు గంటలు. స్క్రీన్ మీద తొమ్మిది డబ్బాలు, తొమ్మిది ఇళ్ళు. అందరి మైకులూ ఆన్. మేనత్త పాట అందుకుంది. మేమందరం చప్పట్లు కొడుతూ కలిపాం. పది సెకన్లలో ఎవరి పాట వాళ్ళదే అయింది. ఒకరి గొంతు వస్తే ఇంకొకరిది తెగిపోతోంది. చప్పట్లు మధ్యమధ్యలో అసలు వినపడటమే లేదు. పాట మెల్లగా, ఇంకా మెల్లగా సాగి ఆగిపోయింది.

అవ్వ రెండు చెవులూ మూసుకుంది. "ఏంది బిడ్డా ఈ లొల్లి, ఇంట్ల ఎవరో కొట్లాడుతుండ్రు" అని లేచి తలుపు దిక్కు నడిచింది. చిన్నమ్మ కాల్ కట్ చేసింది. ఆ రాత్రి అవ్వ నిద్రపోలేదట, చిన్నమ్మ కూడా.

మేం పండగ చేసుకున్నామనుకున్నాం. దాని భారం అంతా చిన్నమ్మ మీద పడింది. నన్ను కూర్చోబెట్టి చదివించింది ఆ సంగతే.

పాట ఎందుకు మిగులుతుంది?

డిమెన్షియా ఒకే జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, ఆలోచన, రోజువారీ పనులు చేసుకునే శక్తి క్రమంగా తగ్గిపోయే పరిస్థితికి ఆ పేరు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఆల్జైమర్స్. మొత్తం కేసుల్లో 60 నుంచి 70 శాతం దాకా అదే ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది విదేశాల జబ్బు, పట్నపోళ్ళ జబ్బు అనుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది. 2023లో వచ్చిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో, పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ. మా అవ్వ ఆ రెండు లెక్కల్లోకీ వస్తుంది.

ఆల్జైమర్స్‌లో ముందుగా దెబ్బతినేది కొత్త సంగతులను దాచిపెట్టే భాగం, హిప్పోకాంపస్. అందుకే పొద్దున తిన్నది గుర్తుండదు, యాభై ఏళ్ళ కింద నాటు వేసిన మడి గుర్తుంటుంది. పాటల సంగతి ఇంకా విచిత్రం. 2015లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 'బ్రెయిన్' పత్రికలో ఒక పని ప్రచురించారు. ఎప్పటినుంచో తెలిసిన పాట విన్నప్పుడు మెదడులో ఏ భాగాలు పనిచేస్తాయో ముందు ఆరోగ్యవంతులైన యువకుల్లో గుర్తించారు. తర్వాత అవే భాగాలను ఆల్జైమర్స్ ఉన్నవాళ్ళ స్కాన్లతో పోల్చారు. మిగతా మెదడుతో చూస్తే ఆ భాగాలు తక్కువ కుంచించుకుపోయి ఉన్నాయి. ఇవి కదలికలను ఒక వరసలో పేర్చే పనికి దగ్గరి భాగాలు. సైకిల్ తొక్కడం మర్చిపోనట్టు పాట కూడా కొంతవరకు ఒంటికి పట్టిన పని అన్నమాట.

ఇంకో సంగతి: మనుషులకు ఎక్కువగా గుర్తుండేవి సుమారు పదో ఏడు నుంచి ముప్పయ్యో ఏడు లోపు జరిగినవి. అవ్వకు డెబ్బై ఎనిమిది. ఆమె పాటలు 1960ల నాటివి కావాలి. మేం మొదటిరోజు యూట్యూబ్‌లో కొత్తగా వచ్చిన డీజే బతుకమ్మ పాట కూడా పెట్టాం. అది మా పాట, అవ్వది కాదు. చిన్నమ్మ అడిగి తెలుసుకున్నదేమిటంటే, అవ్వ పెళ్ళైన కొత్తలో బండి కట్టుకుని పోయి చూసిన సినిమా 'లవకుశ'. 1963 నాటిది. లీల, సుశీల పాడిన పాటలు. ఇప్పటికీ వాటిలో పల్లవులు అవ్వకు నోటికొస్తాయి.

ఇది ఎక్కడ మొదలైంది?

డిమెన్షియా ఉన్నవాళ్ళనూ వాళ్ళను చూసుకునేవాళ్ళనూ కలిపి కూర్చోబెట్టి పాడించే పద్ధతుల్లో బాగా పేరున్నది ఇంగ్లండ్‌లోని ఆల్జైమర్స్ సొసైటీ నడిపే 'సింగింగ్ ఫర్ ద బ్రెయిన్'. 2003లో న్యూబరీ అనే ఊరిలో మొదలైంది. ప్రతివారం ఒకే తీరు: పేరు పేరునా పలకరిస్తూ ఒక స్వాగతం పాట, ఒళ్ళు కదిలించే చిన్న పని, అందరికీ తెలిసిన పాటలు, మధ్యలో టీ, చివర వీడ్కోలు పాట. పోటీ లేదు, కచేరీ లేదు.

2020లో కోవిడ్ వచ్చింది. పాడటం వల్ల వైరస్ ఎంత తేలికగా పాకుతుందో ఆ మార్చిలోనే తెలిసింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్కాజిట్ వ్యాలీలో మార్చి 10న ఒక బృందగానం రిహార్సల్ జరిగింది. వచ్చినవాళ్ళు 61 మంది. 53 మందికి కోవిడ్ సోకినట్టు లెక్కతేలింది, ఇద్దరు చనిపోయారు. ముసలివాళ్ళు ఒక గదిలో చేరి పాడటం ఇక కుదరని పని. అప్పుడు 'సింగింగ్ ఫర్ ద బ్రెయిన్' కూడా జూమ్‌లోకి మారింది. మేం ఎదుర్కొన్న ఇబ్బందే వాళ్ళకూ ఎదురైంది. దానికి వాళ్ళు వాడిన ఉపాయం చాలా సాదా. అది చెప్పేముందు లెక్క చూద్దాం.

నెట్‌లో కలిసి ఎందుకు పాడలేం?

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు మనకు ఎదురుగా ఉన్న మనిషి పది మీటర్ల దూరంలో ఉంటే ఆమె గొంతు మనకు 29 మిల్లీసెకన్లు లేటుగా వస్తుంది. అంతవరకు చెవి సర్దుకుంటుంది. సుమారు 25, 30 మిల్లీసెకన్లు దాటినకొద్దీ లయ జారడం మొదలవుతుంది.

ఇప్పుడు డాలస్. హైదరాబాద్ నుంచి దగ్గరి దారిలో సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అంటే కేబుల్ గీత గీసినట్టు సూటిగా ఉన్నా, ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు. ఏ కంపెనీ ఎంత మంచి యాప్ రాసినా దీన్ని తగ్గించలేదు. దీనిపైన మైకు శబ్దాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కట్టడం, సర్వర్, దారిలో వెనకాముందు అయిన ప్యాకెట్ల కోసం ఆగే బఫర్, చివర స్పీకర్. అన్నీ కలిపి పావు సెకను అనుకుందాం.

సెకనుకు ఒక చప్పట్టు కొడుతున్నామనుకోండి. అత్త కొట్టిన చప్పట్టు నాకు పావు సెకను లేటుగా వినపడుతుంది. దానికి సరిగ్గా కలిపి నేను కొడితే, నాది అత్తకు ఇంకో పావు సెకను లేటుగా చేరుతుంది. మొత్తం అర సెకను. అంటే నా చప్పట్టు సరిగ్గా ఆమె రెండు చప్పట్ల మధ్యలో పడుతుంది! నాకోసం అత్త కాస్త ఆగుతుంది. ఆమె ఆగింది కాబట్టి నేను ఇంకాస్త ఆగుతాను. పాట ఎందుకు మెల్లగా సాగి ఆగిపోయిందో ఇప్పుడు తెలిసింది కదా. ఎదురెదురుగా ఒకరినొకరు కలుపుకోవాలని చూడటమే తప్పు.

రెండో కష్టం యాప్ తెలివి. అవి మాట కోసం తయారైనవి. ఫ్యాను శబ్దం, ప్రతిధ్వని తీసేయడానికి ప్రయత్నిస్తూ సాగదీసిన రాగాన్నీ, చప్పట్లనూ కూడా గోల కిందే లెక్కగడతాయి. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఒకరిని అణచేస్తాయి. మాట్లాడుకునేటప్పుడు ఇది మంచిదే. తొమ్మిది మంది పాడేటప్పుడు పాట చిల్లులు పడిన గుడ్డలా తయారవుతుంది.

ఆలస్యాన్ని బాగా తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి: స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన జాక్‌ట్రిప్, అలాంటిదే జమ్యులస్. వాటికి వైరు కనెక్షన్, హెడ్‌ఫోన్లు, దగ్గరి దూరాలు కావాలి. చిన్నమ్మ ఫోన్‌లో మొబైల్ డేటాకు అవి కుదరవు. 2010లో ఎరిక్ విటాకర్ 12 దేశాల నుంచి 185 మందితో 'వర్చువల్ కాయిర్' వీడియో చేశాడు కదా అంటారా? అది లైవ్ కాదు. ఎవరికి వాళ్ళు పాడి పంపిన రికార్డింగులను తర్వాత అతికించారు.

ఉపాయం: ఒక్కరి మైకే ఆన్

పాట నడిపించే మనిషి తప్ప అందరూ మ్యూట్. అంతే. ఇంగ్లండ్‌లోనే కాదు, ఆన్‌లైన్ పాటల బృందాలు చాలావరకు చేసేది ఇదే.

మొదట నాకు ఇది మోసంలా అనిపించింది. ఒకరి గొంతు ఒకరు వినకపోతే కలిసి పాడటం ఎట్లా అవుతుంది? తర్వాత అవ్వ వైపు నుంచి ఆలోచించాను. అవ్వకు వినపడేవి రెండే గొంతులు: స్పీకర్‌లోంచి అత్త, పక్కన చిన్నమ్మ. చిన్నమ్మ అత్త పాటకు కలుపుతుంది, ఆమెకు అవ్వ కలుపుతుంది. ఆ గదిలో ఆలస్యం సున్నా. డాలస్ నుంచి పాట పావు సెకను లేటుగా వచ్చినా, రెండు సెకన్లు లేటుగా వచ్చినా గదిలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వాళ్ళ గొంతు వెనక్కి పోవడం లేదు. రేడియోతో కలిసి పాడినట్టే, కాకపోతే ఈ రేడియో అవ్వను పేరు పెట్టి పిలుస్తుంది.

మన పాటల కట్టడం కూడా దీనికి అచ్చంగా సరిపోతుంది. బతుకమ్మలో ఒకామె చెప్తుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. భజనలో, కోలాటంలో, నాటు వేసేటప్పుడు పాడే పాటల్లో అదే పద్ధతి. పైగా బతుకమ్మలో ప్రతి చరణం చివర ఉయ్యాలో అనో, చందమామ అనో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. చరణం గుర్తులేని మనిషి కూడా ఆ మాట దగ్గర చేరిపోవచ్చు. ఒకసారి జారినా మరుసటి చరణంలో మళ్ళీ ఎక్కొచ్చు. డేటా కమ్యూనికేషన్ చదివినవాళ్ళకు చెప్పాలంటే, అది ప్రతి ఫ్రేమ్‌కూ ఉండే సింక్ గుర్తు లాంటిది. మన ఆడవాళ్ళు ఏ సిలబస్ లేకుండా, ఎవరూ బయట మిగిలిపోకుండా పాటను అల్లుకున్నారు.

మేం నేర్చుకున్నవి

మీ ఇంట్లో చేయాలనుకుంటే పనికొస్తాయని వరసగా రాస్తున్నా.

1. టైము అవ్వకు కుదరాలి, మనకు కాదు. డిమెన్షియా ఉన్న చాలామందికి పొద్దు వాలేసరికి కంగారు, చిరాకు పెరుగుతాయి. మేం పెట్టుకున్న ఏడు గంటలే అన్నిటికంటే చెడ్డ టైము. ఇప్పుడు ఆదివారం పొద్దున పది గంటలకు పెడుతున్నాం. డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి పదకొండున్నర. అత్త మేలుకునే ఉంటుంది.

2. తొమ్మిది డబ్బాలు వద్దు. అవ్వ స్క్రీన్ మీద ఒక్క ముఖమే పెద్దగా కనపడేట్టు పిన్ చేయాలి.

3. పక్కన మనిషి తప్పనిసరి. ఫోన్ ముందు పెట్టి మనం పోతే అది టీవీ అవుతుంది. పాడేది ఇల్లు, నెట్ దానికి ఆసరా మాత్రమే.

4. శ్రుతి తగ్గించాలి, వేగం తగ్గించాలి. వయసు మీద పడ్డాక పై స్వరాలు అందవు. అత్త మొదటివారం తన శ్రుతిలో పాడితే అవ్వ పెదవులు కదిలాయి కానీ గొంతు రాలేదు. కిందికి దించితే వచ్చింది.

5. మొదటి పాట, చివరి పాట ఎప్పుడూ మార్చొద్దు. మొత్తం అరగంట దాటొద్దు. పాటకూ పాటకూ మధ్య ఒక్కొక్కరే మ్యూట్ తీసి అవ్వను పలకరించాలి.

6. పాడేవాళ్ళ వైపు శబ్దం శుభ్రం చేసే సెట్టింగులు తగ్గించాలి. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజిషియన్స్' అని ఉంటుంది. ఊర్లో నెట్ సరిగా లేకపోతే వీడియో ఆపేయండి. సెకనుకు 64 కిలోబిట్ల శబ్దం అరగంటకు 14.4 మెగాబైట్లే. అదీ లేని రోజు కోసం అత్త పాటలు రికార్డు చేసి చిన్నమ్మ ఫోన్‌లో పెట్టాం.

7. పాట నడిపేవాళ్ళను ఒంటరిగా వదలొద్దు. "గోడకు పాడినట్లుంది" అన్నది అత్త మొదటివారం. ఇప్పుడు వాళ్ళ పాప పక్కన కూర్చుని అందుకుంటుంది. ఆ పిల్లకు తెలుగు పాటలు వస్తున్నాయి, అది లాభం.

8. ఏడిపించే పాటలు చూసుకోవాలి. ఒకసారి అప్పగింతల పాట పాడితే అవ్వ వాళ్ళమ్మ కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. వెంటనే ఆపి, ముందు పాట అందుకున్నాం. ఆ పాట లిస్టులోంచి తీసేశాం.

9. వీడియో తీసి స్టేటస్ పెట్టొద్దు. మా తమ్ముడు ఒకడు పెట్టాడు, తీయించాం. పెట్టొచ్చా అని అడిగితే చెప్పే స్థితిలో అవ్వ లేదు. మాకు ముద్దుగా ఉన్నది ఆమెకు సిగ్గుగా ఉండొచ్చు.

ఏం మారింది, ఏం మారలేదు

పాట మందు కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో పాటతో జ్ఞాపకం తిరిగొచ్చిందనే వీడియోలు చాలా తిరుగుతాయి. అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కూర్చి 2018లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో, సంగీతంతో దిగులు తగ్గే అవకాశం ఉందని, కోపం, దూకుడు మీద మాత్రం పెద్దగా ప్రభావం లేదని, తెలివి, జ్ఞాపకాల్లో తేడా దాదాపు లేదని తేలింది. 2014లో ఫిన్లాండ్‌లో 89 జంటలతో, అంటే డిమెన్షియా ఉన్న ఒకరూ చూసుకునే ఒకరూ, పది వారాల పాటు చేసిన అధ్యయనం కొంచెం ఎక్కువ ఆశ ఇచ్చింది. అందులో నన్ను ఆపిన మాట ఇంకొకటి. పాట వినడం కంటే పాడటం వల్ల చూసుకునేవాళ్ళ మనసు కూడా బాగుపడింది.

మా ఇంట్లో నేను చూసింది అదే. అవ్వ నన్ను గుర్తుపట్టడం లేదు. పోయిన నెల ఊరికి పోతే "నువ్వెవరి పిల్లవు బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. తలూపింది. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ అడిగింది. ఆ ఆదివారం నేను ఫోన్‌లో కాకుండా గదిలోనే కూర్చున్నా. అత్త పాట ఎత్తుకోగానే అవ్వ చెయ్యి నా మోకాలి మీద తాళం వేసింది. చరణం రాలేదు. చివరి మాట మాత్రం ప్రతిసారీ టైముకే వచ్చింది, మాకంటే ముందే.

కాల్ అయిపోయాక చిన్నమ్మ గిన్నెలు కడుగుతుంటే అడిగా, "ఇది నీకు ఇంకో పని అయితలేదా చిన్నమ్మా? వద్దంటే ఆపేద్దాం."

"పొద్దందాక నేను అత్తకు చెప్పేటియి ఏంది బిడ్డా? తిను, తాగు, కూసో, ఆడికి పోకు. అన్ని ఆర్డర్లే. ఈ అర్ధగంట ఒక్కటే నేను ఆమెకు ఏం చెప్పను. ఇద్దరం పాడుతం. ఆపకుండ్రి" అన్నది.

తర్వాత ఇంకో మాట కూడా అన్నది: "పాట మంచిదే. నెలకు రెండు రోజులు మీలో ఎవరన్నా వచ్చి ఆమె కాడ ఉంటే నేను మా అమ్మగారింటికి పోయొస్త." అప్పటినుంచి వంతులు వేసుకున్నాం. ఈ నెల వంతు నాది.

మీ ఇంట్లో ఎవరికైనా మతిమరుపు రోజువారీ పనులకు అడ్డం పడుతుంటే "ముసలితనం" అని వదిలేయకండి, ముందు డాక్టర్‌కు చూపించండి. థైరాయిడ్, బీ12 లోపం లాంటి నయమయ్యే కారణాలు కూడా ఉండొచ్చు. పెద్దవాళ్ళ కోసం ఎల్డర్ లైన్ నంబరు 14567. చూసుకునేవాళ్ళు మనసులో కుంగిపోతుంటే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు. 1992లో కేరళలో మొదలైన ఏఆర్‌డీఎస్‌ఐ అనే సంఘం డిమెన్షియా కుటుంబాల కోసమే పనిచేస్తుంది. హైదరాబాద్‌లో దాని శాఖ ఉంది.

ఈ ఆదివారం మీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక పని చేయండి. మీ అవ్వనో తాతనో చూసుకునే మనిషిని అడగండి: వాళ్ళు పదిహేనేళ్ళప్పుడు ఏం పాడేవాళ్ళు అని. లిస్టు అక్కడ మొదలవుతుంది. తర్వాత, నీకు ఎప్పుడు సెలవు కావాలి అని కూడా అడగండి.